పొద్దుగూకితే ఆగే ఫోను

కాజీపల్లిలోని మా మందుల ఫ్యాక్టరీలో ఎవరైనా సరే సెల్‌ఫోన్ గేటు దగ్గర వదిలేసి లోపలికి పోవాలి. మా ఆయనది ప్రొడక్షన్ బ్లాకులో రెండో షిఫ్టు. నాది ఆఫీసులో నెట్‌వర్క్ పని, జనరల్ షిఫ్టు. కిష్టారెడ్డిపేటలో ఒకే కిరాయి ఇంట్లో ఉన్నామన్న పేరే గానీ, ఆయన వచ్చేసరికి నేను నిద్రలో, నేను బయల్దేరేసరికి ఆయన నిద్రలో. పెళ్లయిన కొత్త. మాకు మిగిలిందల్లా సాయంత్రం చాయ్ వేళ బ్లాకు గోడకున్న ఫోన్ నుంచి నా టేబుల్ ఫోనుకు ఆయన చేసే ఒక్క కాల్.

"పప్పుల పులుపు మస్తుగుంది. రోజు గిట్లనే జెయ్యి."

"రోజు పప్పే తింటవా?"

ఇంతలో వెనక నుంచి ఎవరో "జల్దీ కరో భాయ్" అని తొందరపెట్టేవారు. అంతే, అయిపోయేది.

ఆ చలికాలం ప్రహరీ పొడవునా కొత్త కెమెరాలు పెట్టారు. మా దగ్గర ఫోనుకైనా కెమెరాకైనా కరెంటు వైరు వేరే ఉండదు. మాటలు పోయే నెట్‌వర్క్ వైరులోనే కరెంటూ పోతుంది. అదంతా ఇచ్చేది స్విచ్ అనే ఒక్క డబ్బా. దాని శక్తికి హద్దుంది. కరెంటు చాలకపోతే దేన్ని ముందు ఆపాలో మనమే చెప్పి పెట్టాలి. మేనేజర్ చెప్పినట్టు ఆ వరసలో కెమెరాలను పైన, బ్లాకు ఫోనును అడుగున పెట్టాను. పగలంతా పరీక్షించాను. బాగానే ఉంది.

ఆ సాయంత్రం కాల్ రాలేదు. మర్నాడూ రాలేదు. అలిగాడేమోనని నేనూ అలిగాను. తర్వాత కంప్యూటర్ స్క్రీన్ మీద స్విచ్ లెక్క చూస్తే తెలిసింది. చీకటి పడగానే కెమెరాలు చూపు ఆనడానికి లోపలి దీపాలు వెలిగించుకుని కరెంటు ఎక్కువ లాగుతున్నాయి, ఆయన ఫోను ఆగిపోతోంది. పగటి వెలుగులో పరీక్షించి సంబరపడ్డ నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"సార్, ప్రమాదమైతే బ్లాకుల అదొక్కటే ఫోను. అది ఆగొద్దు సార్," అన్నాను మేనేజర్‌తో. అన్నది నిజమే. నేను అడిగింది మాత్రం దానికోసం కాదు.

"కొత్త స్విచ్ ఇప్పట్ల రాదమ్మా. దాన్ని పైకి పెట్టు. ఇగ దేన్ని ఆపుతవో నువ్వే సూడు."

కెమెరాలు ఆపడానికి లేదు, గేటు ఫోను ఆపడానికి లేదు. అన్నం తక్కువై విస్తళ్లు ఎక్కువైనప్పుడు వడ్డించేవాళ్లే పస్తుండాలి. నా టేబుల్ ఫోనును అడుగున పెట్టాను.

చీకటి పడితే ఇక నా ఫోను ఆగిపోతుందని ఆదివారం ఆయనకు చెప్పాను.

"అయితే మేనేజర్ రూముకు చెయ్యనా?"

"చెయ్యి. ఆయనతోటే పప్పు ముచ్చట పెట్టుకో."

నవ్వాడు. "మరెట్ల?" అన్నాడు.

"నువ్వయితే ఫోన్ ఎత్తు. ఎత్తితే స్క్రీన్ మీద నాకు తెలుస్తది."

సోమవారం చీకటి పడగానే నా ఫోను ఆగిపోయింది. స్క్రీన్ మీద బ్లాకు ఫోను వరసనే చూస్తూ కూర్చున్నాను. అది లాగే కరెంటు అంకె కాస్త పెరిగింది. ఎత్తాడు. ఆ గొంతు ఒక్కసారి వింటే చాలని ప్రాణం కొట్టుకుపోయింది. బయట నేను ఇంటికి పోవాల్సిన కంపెనీ బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఎంతసేపు చూసినా అంకె దిగలేదు. ఇక పెట్టెయ్యమని ఆయనకు నేనెట్లా చెప్పను?