హలీనమ్మ గోడ మీద మా నాన్న

కుళాయికి పట్టిన తెల్లటి మరకలు వదలాలంటే వెనిగర్ పోసి కాసేపు నాననివ్వాలని నేను అమెరికా వచ్చాకే నేర్చుకున్నాను. నిన్న పొద్దున సీసా మూత తీయగానే ఆ పుల్లటి ఘాటు ముక్కుకెక్కింది. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు ఆ వాసన అంటే వంటిల్లు గుర్తుకు రాదు, బార్ గుర్తుకొస్తుంది. బార్ అంటే హలీనమ్మ. మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్లలో ఈ మాటంటే ఇప్పటికీ నన్ను ఎగాదిగా చూసేవాళ్లున్నారు. మీరు ఆమెను చూడలేదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

హలీనమ్మ మాకు రెండిళ్ల అవతల ఉండేది. పుట్టింది, పెరిగింది పోలండ్‌లో. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొట్టి మనిషి. తెల్లజుట్టు మెడదాకా కత్తిరించుకునేది. ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకోనిదే చెత్తడబ్బా బయట పెట్టడానికి కూడా వచ్చేది కాదు. డెట్రాయిట్‌ని ఆనుకుని హామ్‌ట్రామ్క్ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు అక్కడ ఎటు చూసినా పోలండ్ వాళ్లేనట. ఇప్పుడు బంగ్లాదేశీ కొట్ల మధ్య, యెమెన్ హోటళ్ల మధ్య వాళ్ల పాత బార్లు కొన్ని మిగిలాయి. శనివారం మధ్యాహ్నాలు పదిమందిని వెంటబెట్టుకుని ఆ బార్లలో మూడింటిని చూపించడం హలీనమ్మ పని. కమ్యూనిస్టుల పాలనలో తమ ఊళ్లో జనం ఏం తిన్నారు, దేనికోసం క్యూ కట్టారు, దేన్ని చూసి నవ్వుకున్నారు అన్నది, బార్‌కొక గ్లాసు చేతిలో పెట్టి, కథలా చెప్పేది.

చూపు మందగించి కారు నడపడం మానేయాల్సి వచ్చినప్పుడు ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చింది. ఆమెది విరిగిన ఇంగ్లీషు, నాది అంతకన్నా విరిగింది. ఆ మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"సుగుణా, వ్యాన్ నడపగలవా?"

"మా అమ్మాయిని, దాని ఫ్రెండ్స్‌ని అందరినీ డాన్స్ క్లాస్‌కి దింపేది నేనేగా."

"తాగుతావా?"

"రామ రామ!"

"అంటే?"

"తాగనని."

"దేవుడు లేడని మా కమ్యూనిస్టులు బడిలో రోజూ చెప్పేవాళ్లు," అంది పైకి చూస్తూ. "ఉన్నాడు. తాగని డ్రైవర్‌ని పంపాడు."

కార్ల విడిభాగాలు చేసే షాపులో మిషన్ దగ్గర పనిచేసే మా ఆయన ఆ మాట విని కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "బార్‌కి డ్రైవరేమిటి సుగుణా? గుళ్లో నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. ఇక్కడే పుట్టిన మా కీర్తి వెంటనే అందుకుంది. "డాడీ, మమ్మీ తాగదు కదా, అందుకే డ్రైవర్! దట్స్ ద హోల్ పాయింట్!" అంది. ఆయన నవ్వేశాడు. గుళ్లో మాత్రం ఆయన అనుకున్నట్టే అయింది.

"వదినా, బార్‌లో చేరావటగా! మనవాళ్లకేమైనా డిస్కౌంట్ ఉందా అని మా ఆయన అడగమన్నారు," అంది ఒకావిడ పులిహోర వడ్డిస్తూ.

"ఉంది వదినా. కాకపోతే ముందు అన్నయ్యగారు గంటసేపు క్యూలో నిలబడాలి," అన్నాను. అది నిజమేనని ఆమెకు తెలియదు.

హలీనమ్మ మొదటి బార్ తలుపు దగ్గరే అందరినీ ఆపేసేది. వాళ్లలో ఒకరి చేతికి కాగితం, పెన్సిలూ ఇచ్చి క్యూలో ఉన్నవాళ్ల పేర్లు రాయమనేది. అక్కడి ఆచారం అదేనట. మంచమో, బట్టలుతికే మిషనో వస్తుందని తెలిస్తే జనం వారాల తరబడి లిస్టులు రాసుకునేవారట. రోజుకు ఇన్నిసార్లని పేర్లు పిలిచేవారు, పిలిచినప్పుడు పలకకపోతే పేరు కొట్టేసేవారు. ఇక్కడా అంతే. ఫోన్ చూసుకుంటూ పలకని కుర్రాడు వరస చివరికి పోవాల్సిందే. చివరికి లోపలికి వెళితే గోడ పొడుగునా అలమారలు, వాటి నిండా ఒక్క వెనిగర్ సీసాలే. అప్పట్లో వాళ్ల కొట్లలో కొరత లేకుండా దొరికేది అదొక్కటేనట.

"ఏం కావాలి?" అని దబాయించేది హలీనమ్మ, కొట్టు మనిషిలా మొహం మాడ్చుకుని.

"బీర్."

"లేదు."

"వైన్?"

"లేదు."

"మరేముంది?"

"కళ్లు కనబడటం లేదా? వెనిగర్!"

మొదటిసారి అది తెరిచిన తలుపులోంచి వినబడి నేను వ్యాన్‌లో కూర్చునే పగలబడి నవ్వాను. ఆమె బయటికి వచ్చి కిటికీ అద్దం మీద తట్టింది. "నవ్వావంటే అర్థమైందన్నమాట. లోపలికి రా."

"నేను ఏడో తరగతే చదివానండీ. వాళ్ల మధ్య నేనెందుకు?"

"క్యూలో నిలబడటానికి మమ్మల్నెవరూ సర్టిఫికెట్ అడగలేదు. రా."

అలా మొదటి రెండు బార్లకూ ఆమె వెనకే వెళ్లడం అలవాటైంది. రెండో బార్‌లో గుడ్డు కథ చెప్పేది. మందు కావాలంటే పక్కన తిండి కూడా కొనాలని అక్కడ రూలుండేదట. తిండి కొనే ఓపిక ఎవరికీ లేదు. అందుకని ఉడికించిన గుడ్డొకటి ప్లేటులో పెట్టి ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు తిప్పేవారట. ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. "ఒకసారి కొత్తగా వచ్చినవాడెవడో దాన్ని తినేశాడు. బార్ మొత్తం లేచి నిలబడింది," అనేది. నాకు ఒకసారి విన్నది పోదు. ఆమె ఊరి పేరో, చిన్నాన్న పేరో మరిచి తడుముకుంటే వెనకనుంచి నేను అందించేదాన్ని. "దీని తలలో బీరువా ఉంది, నాకు సంచీ ఉంది, అదీ చిల్లులది," అని అందరికీ చెప్పేది.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నాకు కథ చెప్పడం నేర్పింది. నేర్పుతున్నానని ఎప్పుడూ అనలేదు. నేనేదైనా చెబుతూ "జనం చాలా కష్టపడ్డారు" అంటే "జనం వద్దు," అని ఆపేసేది. "మీ అమ్మ చేతిలో ఏముంది, అది చెప్పు." కిరసనాయిలు డబ్బా అని చెబితే, "మూత ఉందా?" అని అడిగేది. మూత లేదు, గుడ్డపీలిక కుక్కి ఉండేది. ఆ సంగతి ఆమె అడిగేదాకా నాకే గుర్తులేదు.

మూడో బార్ దగ్గర పార్కింగ్ దొరికేది కాదు. వాళ్లను దింపి నేను ఆ వీధుల్లోనే తిరుగుతుండేదాన్ని. ఒకసారి మాత్రం ఆమె మరిచిపోయిన స్కార్ఫ్ కోసం లోపలికి పరుగెత్తాను. మసకవెలుతురు. ఎదురుగా గోడ నిండా ఎర్రజెండాలు, పాత పోస్టర్లు, ఫొటోలు. నడుమ మీసాల నాయకుడి పెద్ద ఫొటో, దానికి తెల్లటి దండ. చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. మన దగ్గర ఫొటోకు దండ వేశారంటే గౌరవమనే కదా.

మా నాన్న వీరయ్య ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ. ఎర్రజెండా మనిషి. ఆ జెండా ఎగిరే దేశాల్లో ఆకలన్నది లేదని, కూలివాడి బిడ్డా డాక్టర్ బిడ్డా ఒకే బెంచీ మీద కూర్చుంటారని మాకు అన్నం కలిపి పెడుతూ చెప్పేవాడు. హలీనమ్మ జోకులు కొట్ల మీద, క్యూల మీద అనుకున్నానే గానీ ఆ జెండా మీద అని నాకు తట్టలేదు. ఆయన ఫొటో ఒకటే ఉంది నా దగ్గర. యార్డులో హమాలీలకు రేకుల షెడ్డు వేయించిన రోజున తీసింది. చొక్కా లేదు, తలకు ఎర్ర తువ్వాలు, చేతిలో జెండాకర్ర. ఈ దేశంలో ఆయనను పెట్టడానికి అంతకన్నా మంచి చోటెక్కడ దొరుకుతుందనిపించింది. హలీనమ్మకు చెప్పకుండా ఫ్రేమ్ కట్టించి బార్ ఓనర్‌కి ఇచ్చాను. "ఎవరు?" అన్నాడు. "కమ్యూనిస్ట్. ఇండియా," అన్నాను గర్వంగా. అతను పెద్దగా నవ్వి మేకు కొట్టాడు. సంతోషంతో నవ్వాడనుకున్నాను.

ఆ శనివారం వ్యాన్‌ను రెండు వీధుల అవతల పెట్టి పరుగున వచ్చి వెనక నిలబడ్డాను. హలీనమ్మ గోడ దగ్గర ఒక్కో వస్తువూ చూపిస్తూ నవ్విస్తోంది. కొత్త ఫ్రేమ్ దగ్గర ఆగింది. కళ్లు చికిలించి చూసింది.

"అరె, కొత్త కామ్రేడ్! ఏ దేశమో గానీ, మాకు క్యూలో నిలబడితే చొక్కా అయినా దొరికేది. ఇతని వంతు ఇంకా వచ్చినట్టు లేదు పాపం!"

అందరూ గొల్లుమన్నారు. ఒక కుర్రాడు నాయకుడి మెడలోని తెల్లదండను లాగి మా నాన్న ఫ్రేమ్ మీద వేసి సెల్ఫీ తీసుకున్నాడు. అప్పుడు చూశాను దండను. టాయిలెట్ పేపర్ చుట్టలు దారానికి గుచ్చిన దండ. అక్కడ ఆ చుట్టలు దొరకడమే గగనమట. దొరికిన రోజు అలా మెడలో వేసుకుని ఊరేగినట్టు ఇంటికి వచ్చేవారట. ఆ కథ నేను వినలేదు. అది నవ్వుకోవడానికి పెట్టిన గోడ అని నాకు తెలియదు.

వెళ్లి దండ తీసి బల్ల మీద పెట్టాను. ఫొటో దించుకుని బయటికి వచ్చేశాను. కోపం కాదు, సిగ్గు. నా చేతులతో నేనే తెచ్చి ఆయనను అక్కడ నిలబెట్టాను.

మిగతావాళ్లను దింపాక హలీనమ్మను ఇంటికి తీసుకొచ్చాను. వాళ్లింటి ముందు ఇంజన్ ఆపి, "వచ్చే శనివారానికి వేరే డ్రైవర్‌ని చూసుకోండి," అన్నాను.

ఆమె దిగలేదు. "ఎవరాయన?"

"మా నాన్న."

చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. లిప్‌స్టిక్ వేళ్లకంటుకుంది, చూసుకోలేదు. "ఎందుకు చెప్పలేదు సుగుణా?"

"దండ చూసి మర్యాద అనుకున్నాను."

సారీ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "చొక్కా ఎందుకు లేదు?" అని అడిగింది. ఎప్పుడూ కథ మధ్యలో అడిగినట్టే.

"మిరపబస్తా మోసేటప్పుడు చొక్కా ఉంటే ఆ ఘాటు గుడ్డలోకి దిగుతుంది. చెమట పడితే రాత్రంతా ఒళ్లు మంటే. అందుకని విప్పేసేవాడు."

"ఆ జెండా ఏమిచ్చింది ఆయనకి?"

"షెడ్డు. మంచినీళ్ల కుండలు. అంతకు ముందు షావుకార్లు 'ఒరేయ్' అనేవాళ్లు. ఆ తర్వాత 'వీరయ్యా' అన్నారు."

ఆమె ముందు అద్దంలోంచి తన ఇంటి తలుపునే చూస్తోంది. "మా నాన్న ట్రామ్ డ్రైవర్. జీతం చాలడం లేదని పని ఆపి రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ జెండా ఎగిరే పోలీస్ స్టేషన్‌కే తీసుకెళ్లారు. తిరిగి వచ్చాక ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడేవాడు. చచ్చిపోయేదాకా."

"అదే జెండానా?"

"అదే."

"అయితే మా నాన్న మాకు చెప్పిందంతా అబద్ధమా?"

"మా దేశం గురించి ఆయనకు తెలియదు. నమ్మాడు. షెడ్డు నిజమేనా?"

"నిజమే. ఆ నీడలో కూర్చుని అన్నం తిన్నాను."

"మరి అది చెప్పు. మా నాన్న సంగతి నేను చెబుతాను. రెండూ ఆ గోడ దగ్గరే." తలుపు తీసి దిగుతూ వెనక్కి తిరిగింది. "డ్రైవర్‌గా రాకపోయినా పర్వాలేదు. ఆయన కూతురిగా రా. ఫొటో తీసుకురా."

ఆ వారమంతా వెళ్లకూడదనే అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఫ్రేమ్ తుడిచి వ్యాన్ సీటు మీద పెట్టాను, బెల్టు కూడా పెట్టాను. బార్‌లో గోడ మీద మా నాన్నకు వేరే చోటు ఖాళీ చేసి ఉంది. దండ ఆ దరిదాపుల్లో లేదు. హలీనమ్మ అందరి ముందూ నిలబడి, "పోయిన వారం నేను ఈయనను చూసి నవ్వాను. ఎవరో తెలుసుకోకుండా నవ్వాను. మా దేశంలో మమ్మల్ని చూసి కూడా అలాగే నవ్వేవాళ్లు, ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఈయన కూతురు చెబుతుంది," అని పక్కకు తప్పుకుంది.

నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. బస్తా, ఘాటు, చొక్కా, షెడ్డు. జనం అన్న మాట వాడలేదు. తర్వాత ఆమె వాళ్ల నాన్న గుసగుసల గురించి చెప్పింది. అంతకు ముందు ఆ సంగతి టూర్‌లో ఏ రోజూ చెప్పలేదు. ఒకాయన చెయ్యెత్తి, "అయితే చివరికి కమ్యూనిజం మంచిదా, చెడ్డదా?" అన్నాడు. హలీనమ్మ నావైపు చూసింది.

"మా నాన్న మంచివాడు," అన్నాను. "వాళ్ల నాన్న మంచివాడు. నాకు తెలిసింది అంతే."

"నువ్వు తాగవు కాబట్టి బతికిపోయావు," అంది హలీనమ్మ నా చెవిలో. "లేకపోతే ఈరోజు నీతో ఒక సీసా పూర్తి చేయించేదాన్ని."

ఆ తర్వాత మేమిద్దరం ఎన్నో శనివారాలు కలిసి చెప్పాం. జోకులేవీ తగ్గించలేదు ఆమె. వెనిగర్, గుడ్డు, టాయిలెట్ పేపర్ దండ, అన్నీ అలాగే ఉండేవి. గోడ దగ్గరికి వచ్చాక మాత్రం నోరు తెరిచే ముందు ఒకసారి అందరి మొహాలూ చూసి, "ఈ గోడ మీద ఎవరివాళ్లయినా ఉన్నారా?" అని అడిగేది. రెండేళ్ల కిందట ఆమె నిద్రలోనే పోయింది. శవపేటికలో కూడా లిప్‌స్టిక్ చక్కగా ఉంది, నేనే వేశాను. నెల తిరగకుండా బార్ ఓనర్ ఫోన్ చేసి, "కథలన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా," అన్నాడు. ఇప్పుడు వ్యాన్ కీర్తి నడుపుతుంది, టూర్ నేను చెబుతాను. గుళ్లో పులిహోర వడ్డించిన ఆవిడ కూడా వాళ్ల ఆయనను తీసుకుని వచ్చింది. ఆయన నిజంగానే క్యూలో పేరు కొట్టేయించుకున్నాడు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నవన్నీ చెప్పమంటే చెప్పలేను. ఒకటి మాత్రం ఎక్కడికెళ్లినా నాతోనే వస్తుంది. ఎవరి గురించి మాట్లాడుతున్నా వాళ్ల కూతురు వెనక వరసలో నిలబడి వింటోందనుకునే మాట్లాడతాను. పోయిన శనివారం కూడా గోడ దగ్గర అలాగే అడిగాను. తర్వాత వెనకనుంచి, చేతిలో గ్లాసు ముట్టుకోకుండా నిలబడ్డ ఒక పెద్దావిడ, పోస్టర్లో ట్రాక్టర్ మీద నవ్వుతూ కూర్చున్న అమ్మాయిని చూపించింది.

"మాది రుమేనియా. మా అమ్మ ట్రాక్టర్ నడిపేది," అంది. "ఈ బొమ్మ చూసి అందరూ నవ్వుతారు. కానీ మా అమ్మకి ట్రాక్టర్ అంటే నిజంగానే ఇష్టం."

"మీ అమ్మగారి చేతులు ఎలా ఉండేవి?" అని అడిగాను. ఎత్తు స్టూలు ఆమె ముందుకు జరిపి, నేను వెళ్లి వెనక వరసలో నిలబడ్డాను.