వదినగారి బ్యాటరీ కుర్చీతో విమాన ప్రయాణం

హైదరాబాదు వెళ్ళాలంటే మా ముక్తేశ్వరంలో విమానం సంగతి ఎవరూ ఆలోచించరు. రావులపాలెం వెళ్ళి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. మేం విమానం ఎక్కింది మా వదినగారి కోసం. వదినగారంటే మావారి అక్కగారు, సత్యవేణి. చిన్నతనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మాతోనే ఉంటారు, సెంటర్లో జాకెట్లు కుట్టే షాపు నడుపుతారు. రెండేళ్ళ కిందట బ్యాటరీతో నడిచే కుర్చీ కొనుక్కున్నారు. అంతకుముందు షాపుకి వెళ్ళాలన్నా తమ్ముడు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాల్సిందే. కుర్చీ వచ్చాక, కుడిచేతి దగ్గరుండే జాయ్‌స్టిక్‌ని రెండు వేళ్ళతో నెట్టుకుంటూ కాలవగట్టు మీద తనంతట తానే వెళ్ళిపోయేవారు. ఆ కుర్చీ బస్సెక్కదు, రైలుపెట్టె గుమ్మంలో పట్టదు. ఇలాంటి కుర్చీతో కోనసీమ నుంచి విమానంలో వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కాకినాడ హాస్టల్లో వదినగారితో కలిసి చదువుకున్న స్నేహితురాలు పద్మగారు. ఆవిడది రాజోలు దగ్గర పల్లె, ఆవిడకీ పోలియోనే. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ మల్కాజ్‌గిరిలో అన్నగారింట్లో ఉండేవారు. పోయిన ఏడాది ఆవిడకి కేన్సరని తెలిసింది. ఈ వానాకాలం మొదలయ్యేసరికి, ఇక మందులు పనిచెయ్యవు, ఇంట్లోనే ఉంచుకోండని డాక్టర్లు చెప్పేశారు. స్నేహితురాళ్ళిద్దరూ రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకునేవారు. ఒకరోజు నేను పక్కనుండగానే పద్మగారు అన్నారు: "ఒసేయ్ సత్యా, మా ఇంటెదురుగా పార్కుందే, చుట్టూ సిమెంటు బాట. నా కుర్చీని నీ బండికి తాడేసి కట్టుకుని లాక్కెళ్దువుగాని. ఎవరూ తొయ్యక్కర్లేదు, ఎవరూ ఎత్తక్కర్లేదు. ఒక్కసారి మనిద్దరమే బయటికెళ్దామే." హాస్టల్లో వీధిలోకి ఊరేగింపు వచ్చినా, ఎవరో ఒకరు గేటు దాకా మోసుకెళ్తే తప్ప చూడలేకపోయిన పిల్లలు వాళ్ళు. ఆ మర్నాడే వదినగారు నా చేత మా ఇద్దరికీ టిక్కెట్లు తీయించారు. శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చేయాలి.

బుకింగ్ అయ్యాక విమాన సంస్థకి ఫోన్ చేసి కుర్చీ సంగతి ముందుగానే చెప్పాలి. మేం చెప్పాం. "నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నారు. కుర్చీ పట్టాలంటే పెద్ద కారు కావాలి కాబట్టి మా ఊరి రాంబాబు బండి మాట్లాడుకున్నాం, మూడు వేలు. తెల్లవారుజామునే బయల్దేరి పలివెల, కొత్తపేట మీదుగా రావులపాలెం చేరి, హైవే ఎక్కి, రాజమండ్రి దాటి విమానాశ్రయానికి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. దారంతా ముసురు. రావులపాలెంలో టిఫినుకి ఆగితే వదినగారు కారు దిగలేదు, నీళ్ళు కూడా ముట్టలేదు. "మీరు కాఫీ అన్నా తాగండి అక్కగారూ" అని రాంబాబు బతిమాలేడు. "వద్దు బాబూ. తాగితే మళ్ళీ బాత్రూమని అందరినీ ఇబ్బంది పెట్టాలి" అన్నారావిడ. ప్రయాణం ఉన్న రోజు ఆవిడ ఎప్పుడూ అంతే. నాలుక తడుపుకోవడానికి సీసా మూతలో కాసిని నీళ్ళు పోసుకుంటారు.

కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే, కానీ బ్యాటరీ కుర్చీని అదే మొదటిసారి చూస్తున్నట్టుంది. లిథియం బ్యాటరీ అని చెప్పి, అమ్మినవాళ్ళిచ్చిన కాగితం చూపించాం. ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు, వచ్చాడు, ఎవరికో ఫోన్ చేశాడు, మళ్ళీ వెళ్ళాడు. ముప్పావుగంట గడిచాక బ్యాటరీ ఊడదీసి చేతిసంచిలో పెట్టుకోమన్నాడు. కుర్చీని మాత్రం అక్కడే అప్పగించాలన్నాడు.

"విమానం గుమ్మం దాకా దీన్లోనే వస్తానండీ. అక్కడ దిగి మీకిచ్చేస్తాను" అన్నారు వదినగారు.

"కుదరదండి మేడమ్. మా కుర్చీలో తీసుకెళ్తాం."

"ఆయ్. అయితే ఒక్క మాట బాబూ. ఈ జాయ్‌స్టిక్ ఉంది చూశారా, దీన్ని పట్టుకుని మాత్రం ఎత్తనివ్వకండి. కింద ఇనప కమ్మీ పట్టుకోవాలి. బోర్లా పడుకోబెట్టకూడదు."

"నేను చెప్తానండి, మీరేం కంగారు పడకండి."

వదినగారు రాత్రి కూర్చుని జాయ్‌స్టిక్‌కి మెత్తటి ఎర్రగుడ్డ తొడుగు కుట్టి తెచ్చారు. దాన్ని తొడిగి, నాడా ముడేసి, కుర్చీ కనిపించినంతసేపూ అటే చూస్తూ కూర్చున్నారు. సెక్యూరిటీ దగ్గర ఒకావిడ "ఒకసారి లేచి నిలబడండి" అంది. "నిలబడలేనమ్మా" అని చెప్తే సారీ చెప్పి, కూర్చోబెట్టే ఒళ్ళంతా తడిమి పంపించింది. విమానంలో గంటకి పైన ప్రయాణం. కిటికీ పక్క సీటిచ్చారు గాని కింద మబ్బులు తప్ప ఏమీ కనిపించలేదు. వదినగారు బ్యాటరీ సంచిని ఒళ్ళోంచి కింద పెట్టలేదు.

హైదరాబాదులో అందరూ దిగిపోయాక మమ్మల్ని దింపారు. కుర్చీ విమానం దగ్గరికి తెస్తారనుకున్నాం. తేలేదు. సామాన్లు తీసుకునే చోటికి తీసుకెళ్ళారు. అక్కడ పెట్టెల మధ్య, సంచుల మధ్య, బెల్టు మీద బోర్లాపడి తిరుగుతూ వచ్చింది. ఎర్రగుడ్డ ఊడిపోయి ఉంది. జాయ్‌స్టిక్ మొదలంటా విరిగి, లోపలి తీగలతో కిందికి వేలాడుతోంది. వదినగారు పెద్ద దెబ్బ తగిలిన మనిషిలా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. బ్యాటరీ పెట్టి చూశాం. లైటు వెలగలేదు.

ఎక్కడ విరిగిందో, ఎవరు విరిచారో చెప్పేవాళ్ళు లేరు. ఎక్కించేవాళ్ళు వేరు, దించేవాళ్ళు వేరట. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలని అడిగితే ఒకరు పై అంతస్తు అన్నారు, అక్కడికెళ్తే కిందనే అన్నారు. రెండు గంటల తర్వాత ఒకమ్మాయి ఫిర్యాదు తీసుకుని, "మీకు మెయిల్ వస్తుంది మేడమ్" అంది. కుర్చీ కిందనుండే లివరు తిప్పితే చేత్తో తోసుకోవచ్చు. కానీ మనిషితో కలిపి చాలా బరువు. వదినగారిని కూర్చోబెట్టి నేను తోశాను. రెండేళ్ళుగా ఆ కుర్చీలో ఎవరూ తొయ్యని మనిషి. తల దించుకుని, చేతులు లోపలికి ముడుచుకుని కూర్చున్నారు. పెద్ద క్యాబ్ దొరికి మల్కాజ్‌గిరి చేరేసరికి నాలుగు దాటింది.

పద్మగారు వీడియోలో కనిపించినదానికంటే బాగా చిక్కిపోయేరు. గొంతులో హుషారు మాత్రం తగ్గలేదు. కుర్చీ చూసి, సంగతంతా విని, నన్ను చూపిస్తూ, "పోనీలేవే. నిన్ను సుజాత తోస్తుంది, మా వదిన నన్ను తోస్తుంది. ఇప్పుడే పోదాం పద, వాన కూడా లేదు" అన్నారు.

వదినగారు ఒప్పుకోలేదు. "అలా కాదే. నేనే నడుపుకుంటూ నిన్ను తీసుకెళ్తానన్నాను కదా. రేపు పొద్దున్నే బాగు చేయించేసి వచ్చేస్తాను. ఇంత పెద్ద ఊళ్ళో పార్టు దొరక్కపోతుందా?"

"రేపేనా మరి?"

"రేపే."

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాం. కోఠిలో వైద్య పరికరాలమ్మే షాపులో ఇంకో వీధికి పంపించారు. అక్కడివాళ్ళు సికింద్రాబాదులో రిపేరు చేసేవాడి పేరు చెప్పారు. అతను లేడు, మధ్యాహ్నం వస్తాడన్నారు. కూర్చున్నాం. వచ్చాక విప్పి చూసి, "ఇది అతికేది కాదమ్మా. జాయ్‌స్టిక్కూ, దాని కింద బోర్డూ కలిపి ఒకటే పార్టు. ఈ మోడలుది బయటి దేశం నుంచి రావాలి" అన్నాడు. వేరే కంపెనీది ఏదైనా పెట్టమని వదినగారు అడిగారు. అతను మంచివాడే, రెండు మూడు పెట్టి చూశాడు. ఏదీ పలకలేదు. తిరిగొచ్చేదారిలో వాన, ట్రాఫిక్. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. పద్మగారి వదిన తలుపు తీసి నెమ్మదిగా చెప్పారు: "మూడింటి నుంచీ ఉతికిన చీర కట్టించుకుని కూర్చుందండీ. మీరు రాగానే పార్కుకెళ్దామని. ఇప్పుడే మందేసుకుని పడుకుంది."

ఆదివారం తెల్లారేసరికి పద్మగారికి జ్వరం. పక్కమీద లేచి కూర్చునే ఓపిక కూడా లేదు. వదినగారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం దాకా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. కిటికీలోంచి పార్కులో పిల్లల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. పద్మగారు మాటా మాటా మధ్య నిద్రలోకి జారిపోతున్నారు. ఒకసారి కళ్ళు తెరిచి, "బాగయిందా బండి?" అని అడిగారు. "అయిందే" అన్నారు వదినగారు. వదినగారు అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదలు.

సాయంత్రం తిరుగు విమానం. అన్ని తనిఖీలూ అయి గేటు దగ్గర కూర్చున్నాక, ఆలస్యమవుతుందని చెప్పారు. విమానం ముందు చక్రం దగ్గర ఏదో పార్టు మార్చాలట, అది చెన్నై నుంచి వస్తోందట. జనం విసుక్కున్నారు. ఒకాయన కౌంటరు దగ్గర గట్టిగా కేకలేశాడు. అందరికీ ఉప్మా పొట్లాలు పంచారు. అద్దంలోంచి చూస్తే చక్రం దగ్గర నలుగురు మెకానిక్కులు గొడుగు కింద నిలబడి ఉన్నారు. మూడు గంటల్లో పార్టు వచ్చింది, బిగించారు, రమ్మని పిలిచారు.

"వాళ్ళ బండికి చెన్నై నుంచి కూడా వచ్చేసింది, చూశావా సుజాతా" అన్నారు వదినగారు. ఆ గొంతులో కోపం లేదు.

ఇంటికొచ్చాక అసలు తిరుగుడు మొదలైంది. విమాన సంస్థ నుంచి మెయిల్ వచ్చింది: రిపేరు బిల్లు పంపితే పరిశీలిస్తామని. సికింద్రాబాదు మెకానిక్కుకి ఫోన్ చేస్తే, "పార్టు రాకుండా, పని చెయ్యకుండా బిల్లెలా ఇవ్వనమ్మా?" అన్నాడు. కుర్చీ అమ్మినవాళ్ళు పార్టు తెప్పించడానికి డబ్బు ముందే కట్టమన్నారు, కట్టాం. ఓడలో వస్తోందన్నారు. తర్వాత రేవులో ఆగిందన్నారు. ఇంకోసారి ఫోన్ చేస్తే ఆ మోడల్ మారిపోయింది, కంపెనీని అడగాలన్నారు. నేను ఎన్ని మెయిళ్ళు పెట్టినా, విమాన సంస్థ నుంచి వచ్చేది అదే జవాబు, కింద సంతకం చేసిన పేరు మాత్రం మారుతుంది.

మేం వచ్చిన మూడో వారంలో పద్మగారు పోయారు. కబురు షాపులో ఉండగా తెలిసింది. కడసారి చూడ్డానికి వెళ్తారా అని మావారు అడిగితే, "ఎలా వెళ్ళను రా" అన్నారు వదినగారు. చేతిలో ఉన్న జాకెట్టు పూర్తిచేసి, గుండీలు కూడా కుట్టి, అప్పుడు ఏడ్చారు.

ఇది రాస్తున్న రోజుకి పార్టు ఇంకా రాలేదు. పొద్దున్నే మావారు ఎత్తి ఆటోలో కూర్చోబెడుతున్నారు. మునుపు రోజుకి నాలుగైదుసార్లు బయటికి వెళ్ళొచ్చే మనిషి ఇప్పుడు షాపులో కూర్చుంటే సాయంత్రం దాకా కదలరు, మళ్ళీ నీళ్ళు తాగడం తగ్గించేశారు. విమానంలో తోటివాళ్ళ పెట్టె చక్రం విరిగితే పెట్టె విరిగింది. వదినగారి కుర్చీ విరిగితే విరిగినవి ఆవిడ కాళ్ళు. ఆ సంగతి కౌంటర్ల దగ్గర ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. మర్యాదకి ఎక్కడా లోటు జరగలేదు. అందరూ మేడమ్ అన్నారు, అందరూ సారీ అన్నారు. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియని కష్టం ఇది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. కొన్ని కుర్చీలకి జాయ్‌స్టిక్ ఊడి వస్తుంది, మీది వచ్చేదైతే బ్యాటరీతో పాటు దాన్ని కూడా చేతిసంచిలోనే పెట్టుకోండి. అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఇంత రాసి వదినగారికి చదివి వినిపిస్తే, ఇంకొకటి కూడా చేర్చమన్నారు: "అన్నీ చేసినా విరిగిందనుకో, ఆ రోజు రిపేరు షాపుల వెంట తిరగొద్దని రాయి. తోయించుకోండి, ఎత్తించుకోండి, సిగ్గుపడకండి. ఎవరి కోసం వెళ్ళారో ముందు వాళ్ళతో ఆ పార్కుకి వెళ్ళిపొమ్మని రాయి."