ఒక జడా, రెండా?

ఆ ఆయా పేరు అడగనేలేదు నేను. ఆమె అడిగే మాట మాత్రం మరిచిపోలేను.

మా అక్క అంతకుముందు ఉన్న మానసిక రోగుల హోంలో, పేలు పడ్డాయని ఆమెకు చెప్పాపెట్టకుండా గుండు కొట్టించేశారు. వడమాలపేట దగ్గర మరో హోంకు తీసుకెళుతుంటే బస్సులో ఒకావిడ అక్క గుండు చూసి "కొండకు పోయొచ్చినారా?" అని అడిగింది. అవుననేశాను.

కొత్త హోంలో ఈ ఆయా రోజూ పొద్దున్నే ఆడవాళ్లందరినీ అడిగేది: "ఒక జడ ఏసేదా పాపా, రెండేసేదా?" మొదటిరోజే అక్కనూ అడిగింది. నాకు ఒళ్లు మండింది. "గుండు కనపడలేదా?" అన్నాను.

"నువ్వుండబ్బా, ఆ పాపను చెప్పనీ" అంటూ గుండుకే నూనె రాసింది. అక్క పలకలేదు. "సరే, రేపడుగుతాలే" అంది ఆయా.

ఏడాదిన్నర తర్వాత వెళ్లినప్పుడూ దువ్వెన పట్టుకుని అదే అడుగుతోంది. అక్క జుట్టు మెడ దిగింది. "ఒకటి చాల్లే" అన్నాను నేను.

అక్క నావైపు చూడనైనా లేదు. "రెండు" అంది.