తాత బొందల ఉన్నడు

నా చిన్నప్పుడు మా మెదక్‌లో బొంద అనే మాట రోజుకు పదిసార్లు చెవిన పడేది. ఏ గొయ్యి తవ్వినా బొందే. పెంట వేసి మాగబెట్టే గొయ్యి పెంటబొంద. మనిషి పోతే పూడ్చిపెట్టేదీ బొందే. ఇక మా అవ్వకు కోపం వస్తే నోట్లోంచి ముందు వచ్చేది "నీ బొంద" అన్న తిట్టు. నేను అన్నం వదిలేసినా అదే తిట్టు, బర్రె తన్ని పాలు ఒలకబోసినా అదే తిట్టు. ఆ మాట ఒక మనిషి ప్రాణాన్ని కాపాడుతుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఊళ్ళో గొడవలకు భయపడి అమ్మా నాయనా చెల్లెల్ని తీసుకుని నర్సాపూర్ అవతల ఉన్న అమ్మమ్మ ఊరికి పోయారు. బర్రెను వదిలి రానని అవ్వ భీష్మించుకుంది. అవ్వను వదిలి రానని నేను గుంజను పట్టుకుని ఏడ్చాను. అట్లా మేమిద్దరం మిగిలాం.

మా ఇల్లు ఊరి చివర, కాలువ పక్కన. మా పక్కింట్లో సాయిబు తాత ఒక్కడే ఉండేవాడు. భార్య ఎప్పుడో పోయింది, కూతురు పట్నంలో కాపురం. కాలువ కింద అరెకరం కౌలుకు తీసుకుని తరకారి పండించేవాడు. అవ్వ ఆయన్ని "తమ్మీ" అనేది, ఆయన అవ్వను "అక్కా" అనేవాడు. ఆయన పెరట్లో వాననీళ్ళు నిలుస్తాయని పెంటబొందలు రెండూ మా పెరట్లోనే, బర్రె కొట్టం చూరు కింద తవ్వుకున్నాడు.

తెల్లారగానే కావడి భుజాన వేసుకుని ఊరంతా తిరిగేవాడు. చర్చి కాంపౌండులో ఊడ్చిన ఆకులు, కుమ్మరి ఆవంలోని బూడిద, గొల్లవాళ్ళ దొడ్డి ఊడుపు, ఇంటింటి కూరగాయల తొక్కలు, ఏదీ వదిలేవాడు కాదు. మా బర్రె పేడ సరేసరి. మా వాడలో చెత్తకుప్ప అనేది ఉండేదే కాదు, ఈగలు కూడా తక్కువే. అదంతా పొరలు పొరలుగా బొందలో పరిచి, నీళ్ళు చిలకరించి, పైన మట్టి కప్పేవాడు. మాగిన తర్వాత తన తోటకు సరిపడా తీసుకుని మిగిలింది అడిగినవాళ్ళకు ఇచ్చేసేవాడు. ఎవరింటి నుంచి ఆకులు వచ్చాయో వాళ్ళింటికి సాయంత్రం ఒక తోటకూర కట్టో నాలుగు వంకాయలో పోయేవి. నేను ఆయన వెనకాలే తిరిగేదాన్ని. నాకు అంతకంటే పనేముంది!

పెంటలో ఒక ఇనుప చువ్వ ఎప్పుడూ గుచ్చి ఉండేది. అప్పుడప్పుడు దాన్ని పైకి లాగి నన్ను పట్టుకోమనేవాడు. నేను గుప్పిట బిగిస్తే ఆయన "ఏక్, దో, తీన్" అని లెక్కపెట్టేవాడు. పది దాకా పట్టుకోగలిగితే పెంట మాగినట్టు. అంతకు ముందే చెయ్యి వదిలేస్తే లోపల ఇంకా ఉడుకుతున్నట్టు. నిప్పు లేకుండా అంత వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలియక నాకు ఆ బొంద అంటే లోలోపల బెదురు. కంటికి కనపడని పురుగులు లోపల కూర్చుని తింటున్నాయని, వాటి కడుపు నిండితే మన కడుపు నింపుతాయని చెప్పి నవ్వేవాడు.

ఎదురింటి మామ సంగతి కూడా చెప్పాలి. ఆయనది టేక్మాల్ బాటలో చౌడు పొలం. ఎండాకాలం వస్తే పైన ఉప్పు పూసినట్టు తెల్లగా పేరుకునేది. విత్తు వేస్తే మొలక పచ్చబడక ముందే మాడిపోయేది. సాయిబు తాత పట్టుబట్టి ఆ పొలంలో పచ్చిరొట్టకు జీలుగ చల్లించాడు, పూతకు రాగానే నేలలోకే దున్నించాడు, మూడేళ్ళు వరసగా మా పెరటి పెంట తోలించాడు. మూడో ఏడు నేల మెత్తబడింది, నీళ్ళు ఇంకడం మొదలుపెట్టాయి. ఆ వానాకాలం ఒకరోజు మామ రెండు చేతుల్లో ఒక మట్టిపెళ్ళ పట్టుకుని పరుగున వచ్చాడు. దాన్ని విప్పి చూపిస్తే లోపల ఎర్రలు, అవే వానపాములు, కదులుతున్నాయి. పుట్టిన బిడ్డను చూపించినట్టు చూపించాడు మాకు.

ఆ తర్వాత మంచిరోజులు నిలవలేదు. నవాబు పేరు చెప్పుకుని కర్రలూ తుపాకులూ పట్టుకుని ఊళ్ళమీద పడే మూకలు వచ్చాయి. వాళ్ళ గుర్రాల చప్పుడు వినపడితే అవ్వ నన్ను వడ్ల గుమ్మి వెనక్కి తోసేది. ఒకనాడు మామ గడ్డివాము తగలబెట్టారు. అడ్డం పోయిన మామ తమ్ముడి చెయ్యి విరగ్గొట్టారు. ఆ చెయ్యి మళ్ళీ పనికి రాలేదు. మామ ఆ వాము బూడిదను ఎత్తి, వాకిట్లో కుప్పపోసి, పైన గోనెపట్టా కప్పి పెట్టుకున్నాడు. దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. పొద్దున్నే లేచి దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

సాయిబు తాతకు బూడిద కనపడితే చెయ్యి ఊరుకోదు కదా. పాపం, ఒకరోజు పోయి ఆ బూడిద పెంటకు ఇమ్మని అడిగాడు. మామ గడ్డపార ఎత్తి మీదికి వచ్చాడు. తాత అవ్వ దగ్గరికి వచ్చి కూలబడి, "బూడిదనుకున్న అక్కా, అది వాని గోస అని తెల్వలే," అన్నాడు. ఆనాటి నుంచి తాతకూ మామకూ మాటల్లేవు.

తర్వాత నవాబు రాజ్యాన్ని కూలదోస్తూ పటాలం వచ్చింది. మూకలు చెదిరిపోయాయి. ఇక భయం పోయిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంది కానీ, ఆ భయం ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లోంచి లేచి పక్కింటికి పోయింది, అంతే. ఎవరో చేసిన పాపానికి, అదే మతమని, ఎవరినో వెతికి కొట్టే గుంపులు బయలుదేరాయి. నాలుగు ఇళ్ళ అవతల పొగ లేవడం నేను నా కళ్ళతో చూశాను. పట్నానికి పొమ్మని అవ్వ ఎంత చెప్పినా సాయిబు తాత వినలేదు. వంకాయ నారు పోసి ఉంది, పెంట తిప్పాల్సి ఉంది అన్నాడు. ఊళ్ళో నా పెంట పంట తిననివాడు ఎవడున్నాడు, నన్నెవరు ముట్టుకుంటారు అన్నాడు. అవ్వకు ఒళ్ళు మండింది. "నీ బొంద! నీ వంకాయ నారు బొంద!" అని తిట్టి, తిట్టిన నోటితోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి పెరట్లోకి చూసింది.

రెండు బొందల్లో ఒకటి నిండుగా ఉడుకుతోంది. ఇంకొకటి ఎండాకాలంలోనే ఎత్తేశారు, ఖాళీగా ఉంది. అందులో గడ్డి పరిచి, తిట్టి తిట్టి తాతను దించింది అవ్వ. పైన తడికె వేసి, తడికె మీద ఆకులు, ఆకుల మీద పచ్చిపేడ పరిచింది. ఒక మూల గాలికి సందు వదిలింది. అందులోంచి నేను జొన్న గటక ముద్దలు అందించాలి. తాత దగ్గినప్పుడల్లా బర్రెను గట్టిగా అదిలించాలి. అవి నా పనులు.

అంతా అయ్యాక నన్ను కూర్చోబెట్టి అవ్వ ఒక మాట చెప్పింది.

"బిడ్డా, నీకు అబద్ధమాడ రాదు. నీ మొఖంల కనవడ్తది. ఎవలన్న వచ్చి తాత యాడున్నడని అడిగితే ఉన్న మాటనే చెప్పు. బొందల ఉన్నడని చెప్పు. ఇంకో ముచ్చట చెప్పకు."

అవ్వకు మతి పోయిందనుకున్నాను. నన్ను పెట్టి తాతను పట్టించడానికే ఇదంతా చేసిందనుకున్నాను. ఎదురు అడిగే ధైర్యం లేదు. ఆ రెండు పగళ్ళూ గాలికి తలుపు కొట్టుకున్నా తాత చచ్చిపోయాడనే అనిపించేది. ఎవరూ రావద్దు, ఎవరూ నన్ను అడగొద్దు అని చర్చి గంట మోగినా మొక్కాను, మసీదు వైపు తిరిగీ మొక్కాను, మా ఇంటి ఎల్లమ్మకూ మొక్కాను.

మూడో రోజు పొద్దున బర్రెకు కుడితి పెడుతుంటే వచ్చారు. పదిమంది దాకా ఉంటారు. చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో బల్లెం. మా ఊరివాళ్ళు కాదు. అందరి వెనకాల ఎదురింటి మామ ఉన్నాడు.  ఆ పెరట్లో బొందలు రెండని, ఒకటి ఖాళీ అని మామకు తెలియదా! ఎన్ని బండ్లు తోలుకున్నాడు అక్కడి నుంచి!

ముందు పక్కిల్లు వెతికారు. కుండలు పగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత మా వాకిట్లోకి వచ్చారు. బల్లెం పట్టుకున్నవాడు అవ్వను వదిలేసి నా ముందు కూర్చున్నాడు.

"ఏ పిల్లా, ముసలోడు యాడున్నడే?"

 అవ్వ వైపు చూశాను. అవ్వ నన్నే చూస్తోంది. చెబితే తాత చస్తాడు, చెప్పకపోతే అవ్వను కొడతారు. ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కుతూనే అనేశాను.

"బొందల... తాత బొందల ఉన్నడు."

తాతను నేనే చంపేశానని కళ్ళు మూసుకున్నాను. ఎవరూ కదల్లేదు. కళ్ళు తెరిస్తే ఆ మనిషి ముఖంలో బిగువు కాస్త తగ్గింది.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దుగాల."

"ఎవలు పెట్టిండ్రు?"

అప్పుడు అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవలొస్తరు కొడుకా గిసుంటి దినాలల్ల? నేనే దించిన. నా చేతుల్తోనే దించి కప్పిన," అంది. ఏడుస్తూనే అంది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

వాళ్ళు వెనక్కి తిరిగారు. ఇక పోయినట్టే అనుకుంటుండగా ఒక పడుచువాడు పెరటి వైపు చెయ్యి చూపించాడు. "గక్కడ తవ్వినట్టున్నది, గదేంది?" అన్నాడు. బల్లెం పట్టుకున్నవాడు అటు నడిచాడు. నేను ఖాళీ బొంద వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. తడికె కింద నుంచి గళ్ళ లుంగీ కొస బెత్తెడు బయటికి వచ్చి ఉంది. మామ కూడా దాన్నే చూస్తున్నాడు. ఆ లుంగీ ఎవరిదో మా వాడలో కుక్కకైనా తెలుసు.

ఆ క్షణంలో మామ ముఖం ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. గడ్డపార ఎత్తిననాటి ముఖమే అది. దవడలు కదులుతున్నాయి. ఒక్క మాట అంటే చాలు. విరిగిన తమ్ముడి చెయ్యి ఉంది, కాలిన వాము ఉంది. ఆయన మాట కాదనేవాళ్ళు ఎవరూ లేరక్కడ.

మామ ముందుకు వచ్చి ఉడుకుతున్న పెంటలోని చువ్వను సర్రున లాగాడు. దాన్ని ఆ పడుచువాడి అరచేతిలో పెట్టి పైనుంచి తన చెయ్యి నొక్కాడు. వాడు కెవ్వుమని వదిలేశాడు.

"సూసినవా? పెంటబొంద అది. దీంట్ల మనిషుంటే ఉడికిపోతడు. నా పొలానికి తోలేది గీ పెంటనే. బల్లెం గుచ్చి ఖరాబు చెయ్యకుండ్రి, నడువుండ్రి."

అంతటితో ఊరుకోలేదు. పక్కనున్న గంప ఎత్తి, అందులోని ఆకులన్నీ రెండో బొంద మీద, సరిగ్గా ఆ మూల మీద, గుమ్మరించాడు. "పెద్దమ్మా, కప్పు సరిగ్గ లేదు. గాలికి లేస్తది, సూసుకో," అని మావైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆయన వెనకాల వాళ్ళూ వెళ్ళిపోయారు. అవ్వ అక్కడే కుడితి తొట్టి పక్కన కూలబడింది. నేను లంగా తడుపుకున్న సంగతి చాలాసేపటికి గానీ నాకు తెలియలేదు.

ఊరు సద్దుమణిగాక నాలుగో రోజు తాత పైకి వచ్చాడు. గడ్డంలో ఆకులు, ఒళ్ళంతా దద్దుర్లు. నడుము నిలవడం లేదు. వచ్చిన మనిషి ముందు చేసిన పనేమిటో చెప్పనా? పోయి చువ్వ లాగి పట్టుకుని, తిప్పాలె అక్కా, ఆలస్యమైంది అన్నాడు. అవ్వ "నీ బొంద" అని నవ్వుతూ ఏడ్చింది.

మరునాడు పొద్దున ఎదురింటి మామ గోనెసంచి నెత్తిన పెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. సంచి విప్పి బొందలో వంచాడు. ఆ వాము బూడిద. మళ్ళీ పోయి ఇంకో సంచి తెచ్చాడు. నాలుగుసార్లు తిరిగాడు. తాత వచ్చి పార తీసుకుని ఆ బూడిదను పొరగా సర్దాడు, పైన మట్టి కప్పాడు.

నా మాటే తాతను కాపాడిందని చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకునేదాన్ని. అవ్వ ఒకసారి నా గాలి తీసేసింది. నీ మాట తెలియనివాళ్ళను ఆపింది, తెలిసినవాణ్ణి ఆపింది పెంట, అంది. ఇప్పుడు మా పిల్లలు సంచుల్లో ఎరువు తెచ్చి చల్లుతారు. నేనేమీ అనను, పంట వస్తుంది. కానీ ఆ సంచికి పక్కింటివాళ్ళ బర్రె అక్కర్లేదు, చర్చి ఆకులు అక్కర్లేదు, ఎదురింటి బూడిద అక్కర్లేదు. ఎవరి గడపా తొక్కకుండా వ్యవసాయం అయిపోతుంది. నాకు భయం వేసేది అక్కడే.

నాకు పెళ్ళయి రేగోడ్ వెళ్ళిపోయాను. చాలా కాలానికి చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి, పక్కిల్లు తాళం వేసి ఉంటే, ముసలివాడైపోయిన మామను తాత ఎక్కడని అడిగాను.  "బొందల ఉన్నడు బిడ్డా," అన్నాడు. ఎప్పటిలాగే తోట పని చేసుకుని వచ్చి పడుకుని, తెల్లారి లేవలేదట. నన్ను అక్కడికి తీసుకుపోయాడు. బొంద మీద మామ పోసిన నల్లటి పెంటలో, సాయిబులు గోరీల మీద నాటే సబ్జా మొక్క ఏపుగా పెరిగి ఉంది. నేను ఆ పెంటలో చెయ్యి పెట్టి ఏక్, దో, తీన్ అని లెక్కపెట్టాను. పది దాటినా చల్లగానే ఉంది.

నా మనవరాలు అల్లరి చేస్తే ఈనాటికీ "నీ బొంద" అనే అంటాను. తిట్టానని అది మూతి ముడుచుకుంటుంది. ఆ మాటతో దాన్ని ఎక్కడ దాస్తున్నానో దానికేం తెలుసు!