జానెడు లేపి చూసిన ప్రయాణం

ఇది రాసిపెట్టాల్సిన అవసరం మా ఇంట్లో ఒక పులి వల్ల వచ్చింది. మేము ఒరిస్సా అడవికి వెళ్లివచ్చిన ఏడాది ఆ పులి పొదలోంచి తోక మాత్రమే చూపించింది. మూడేళ్లకు తల బయటపెట్టింది. కథ మా అక్క మనవల దాకా వచ్చేసరికి మా వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, గాండ్రించి, మా బావ కళ్లలోకి చూసి మరీ వెళ్లింది. ఇలాగే వదిలేస్తే ఇంకో పదేళ్లలో అది వ్యానెక్కి మా పక్కన కూర్చుంటుంది. నిజానికి మేము పులిని చూడనేలేదు. చూసింది వేరే జంతువును. దాన్ని చూపించిన మనిషిని ఎలా ఎంచుకున్నామో, ఆ ఎంపికలో నేనెంత పొరబడ్డానో సరిగా గుర్తున్నది ఇప్పుడు నాకొక్కడికే. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. నేను పోర్టులో టాలీ గుమాస్తాను. ఓడలోంచి దిగే బస్తాలనూ పెట్టెలనూ లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీయడం నా పని. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా మా పేటలోని శాఖా గ్రంథాలయంలో జరిగింది. డ్యూటీ దిగి, చొక్కా మీద ఇనుప ఖనిజం దుమ్ముతోనే అక్కడికి వెళ్లేవాణ్ణి. లైబ్రేరియన్ గారు ఏమీ అనకుండా కుర్చీలో పాత దినపత్రిక పరిచి కూర్చోమనేవారు. జంతువుల బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

చదివినదంతా వినిపించడానికి నాకు మా బావ ఉండేవాడు. మా అక్క భర్త, అదే పోర్టులో క్రేన్ డ్రైవరు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చుంటే, నేను ఏనుగు దంతాల గురించీ చిరుత పంజా గురించీ చెప్పేవాణ్ణి. ఆయన ముద్ద చేతిలో ఆపి వినేవాడు.

ఆ మనిషి కళ్లకు నీటికాసులు వచ్చాయి. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందనీ, మందుతో నెమ్మదిస్తుందేమో గాని పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పారు. ఆయన్ను క్రేన్ మీద నుంచి దించి కింద పని ఇచ్చారు.

"గొట్టంలోంచి సూసినట్టుంటంది బామ్మర్దీ," అన్నాడు ఒకరోజు క్యారేజీ మూత పెడుతూ. "ఇన్నేళ్లూ నువ్వు సెప్పిన జంతువుల్లో ఒక్కదాన్నయినా అడవిలో, దాని సోట్లో అది ఉండగా సూడాలనుంది. ఈ గొట్టం మూసుకోకముందే."

మా ఇద్దరికీ కలిపి సెలవు దొరికేది ఆ చలికాలంలో ఒక్క వారం. మరో ఏడాదికి ఆయన చూపు ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి తీసుకెళ్లే మనిషి సరైనవాడు కావాలి. ఆ బాధ్యత నా మీద పడింది.

"ఒకాయన సూపు గొట్టంలో ఉంది, ఇంకొకడి సూపు పొత్తకంలో ఉంది," అంది మా అక్క. "ఈలిద్దరూ కలిసి అడవిలో పులిని ఎతుకుతారట!"

ఊళ్లో ఒక ఆఫీసు బోర్డు మీద 'జంగిల్ సఫారీ' అని చూసి లోపలికి వెళ్లాను. సఫారీ అంటే ప్రయాణమనీ, అది ఆఫ్రికా మాటనీ నాకు తెలుసు. మా బావకు సఫారీ అంటే సూటే. ఆఫీసాయన కూడా అదే వేసుకుని ఉన్నాడు. గోడల నిండా పులుల ఫోటోలు. నేను నోటుబుక్కులో ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవని ఆయన అంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆ వాక్యం ముందు వారమే చదివాను. నా పుస్తకమూ ఆయన నోరూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఆయన నమ్మదగినవాడని తేల్చేసుకున్నాను.

"పులి గ్యారంటీ సార్," అన్నాడు చివర్లో.

రెండోవాడు గాజువాకలో ఉండేవాడు. పొలం ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక వచ్చిన డబ్బుతో ఒక వ్యాను కొనుక్కున్నాడు. బోర్డు లేదు, ఫోటోలు లేవు. నా ఇరవై ప్రశ్నల్లో మూడింటికి జవాబు చెప్పి, మిగతావాటికి నవ్వాడు.

"పులి కనబడుతుందా?" అని అడిగాను.

"పులి నా మాట ఇంటాదేటి బాబూ? దుప్పులుంటాయి, దున్నలుంటాయి. అవి కూడా ఆటికి బుద్ధి పుడితేనే."

ఇంటికొచ్చి ఆఫీసాయనకే నా ఓటు అని చెప్పాను. బావ అంతా విని గోడకు చేరగిలబడ్డాడు.

"ఆడు బాగా సదివినోడే. కానీ బండి నడిపేది సదువు కాదు కదేటి. ఇద్దర్నీ జానెడు లేపి సూద్దాం."

క్రేన్ పనిలో అదొక పద్ధతి. బరువు కట్టగానే పైకి లాగెయ్యరు. నేల నుంచి జానెడు లేపి ఆపుతారు. తాడు జారుతోందా, బరువు ఒక పక్కకు ఒరుగుతోందా, బ్రేకు పట్టి నిలుస్తోందా అని చూస్తారు. ఏ కొంచెం తేడా ఉన్నా దించేస్తారు. అలాగే ఇద్దరితోనూ వరుసగా రెండు ఆదివారాలు అనంతగిరి కొండకు వెళ్లిరావాలని బావ ఉపాయం.

మొదటి ఆదివారం ఆఫీసాయన రాలేదు. డ్రైవర్ని పంపాడు. ఘాట్ రోడ్డు సగంలో రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. బావ రెండుసార్లు ఆపమన్నాడు. "ఏటవదు మావా, కూకోండి," అని డ్రైవరు పాట హుషారుగా పెంచాడు. ఏమీ కాలేదు. కొండ చూశాం, కాఫీ తాగాం, చీకటి పడకుండా ఇల్లు చేరాం. నాకు తృప్తిగా ఉంది.

రెండో ఆదివారం గాజువాకాయన వేళకు ముందే వచ్చాడు. అనంతగిరి ఘాట్ మొదట్లో బండి ఆపి, దిగి, నాలుగు చక్రాలకూ చెయ్యి ఆనించి చూశాడు. వెనక చక్రం దగ్గర చాలాసేపు ఉండిపోయాడు.

"బాబూ, ఇది ఏడెక్కిపోతంది. కొండెక్కను. ఏటనుకోకండి, ఎనక్కెళ్లిపోదాం."

మా అక్క వండిన పులుసన్నం రోడ్డు పక్కనే తిని తిరిగొచ్చాం. ఆదివారం పోయిందని దారంతా సణిగాను. బండి దిగాక బావ నా భుజం మీద చెయ్యేశాడు. ఆయన నవ్వుతున్నాడు.

"ఈడే మనోడు."

"కొండే ఎక్కించలేదు కదా బావా!"

"అదేరా. తాడు జారితే బరువు దించీసినోడు మంచోడా, ఏటవదని లాగీసినోడు మంచోడా? ఇరవై ఏళ్లు నానేటి సేసేను?"

ఇరవై ప్రశ్నల నోటుబుక్కు నా జేబులోనే ఉంది. బండి బాగులేకపోతే ఏం చేస్తావన్న ప్రశ్న అందులో లేదు.

ఆ వారం వ్యాను బాగుచేయించి, ఆ చలికాలంలోనే గాజువాకాయన మా నలుగురినీ, అంటే అక్కాబావల్నీ నన్నూ నా భార్యనూ, ఒరిస్సా అడవికి తీసుకెళ్లాడు. మొదటి రెండు రోజులూ నాకు బాధగా గడిచాయి. దుప్పులు కనబడుతున్నాయి, కానీ బావ తల తిప్పి వాటిని తన గొట్టంలోకి తెచ్చుకునేలోపు దాటిపోతున్నాయి. "ఏదిరా? ఎటు?" అంటాడు. మేము చెయ్యి చూపించేసరికి అక్కడ ఆకులు మాత్రం కదులుతుంటాయి. రెండో రోజు సాయంత్రం ఆయన అడగడం మానేశాడు.

ఇదంతా గాజువాకాయన గమనించాడని మాకు తెలియదు. మూడో రోజు పొద్దున్నే ఒక చెరువు ఎదురుగా వ్యాను ఆపి, బావను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. బండిని కొంచెం వెనక్కీ కొంచెం ముందుకూ నడిపి, నీళ్ల దగ్గరకు దిగే దారి ఆయన ముక్కుకు సూటిగా వచ్చేలా నిలిపాడు. ఇంజను ఆపేశాడు.

"తల తిప్పొద్దు మావా. ఎతకొద్దు. అదే ఒస్తాది."

గంట దాటింది. మా అక్క కూడా మాట్లాడలేదంటే ఆ నిశ్శబ్దం ఎంతటిదో మా ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. అప్పుడు ఆ దారిలోంచి అడవిదున్న దిగింది. నల్లగా, గూడ్సు ఇంజనంత నిదానంగా. నీళ్ల దగ్గర ఆగి, తలెత్తి, మా వైపు చూస్తూ నిలబడిపోయింది.

దాని బరువెంతో, కొమ్ములెంత పొడవుంటాయో చెప్పడానికి నోరు తెరిచాను. బావ ముఖం చూసి మూసేశాను. పుస్తకంలో చదివింది చెప్పకుండా ఊరుకోవడం నాకదే మొదటిసారి.

"మేజోళ్లు తొడుక్కుందిరా," అన్నాడు ఆయన మెల్లగా. "నాలుగు కాళ్లకీ తెల్ల మేజోళ్లు. అడుగున కొంచెం బురదంటుకుంది."

మోకాళ్ల కింద దాని కాళ్ల తెలుపు నాకూ కనబడింది గాని, అంత దూరం నుంచి ఆ బురద కనబడలేదు.

ఆరేళ్లకు ఆయన చూపు పూర్తిగా పోయింది. పిల్లలు అడవి కథ అడిగితే వాళ్ల కోసం పులిని తెచ్చేది ఆయనే. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మేజోళ్ల గురించే మాట్లాడేవాడు.

సాయం చేసిన వాళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టాలి. కానీ పేర్లు రాయొద్దని మా అక్క ఆన పెట్టింది. కాబట్టి నేను పిలిచిన పిలుపులతోనే చెబుతాను. కుర్చీలో పత్రిక పరిచిన లైబ్రేరియన్ గారికి, సెలవు ఇప్పించిన మా ఫోర్‌మన్ గారికి, ఆ గంటసేపు నోరు మూసుకున్న మా అక్కకి, నా ఇరవై ప్రశ్నల్ని ఎగతాళి చేయని నా భార్యకి, బండి వెనక్కి తిప్పిన గాజువాక అన్నకి. ఆఖరున, జానెడు లేపి చూడమన్న మా బావకి.