బల్బు కింద ఊసరవెల్లి

ఇమామ్ బీ దేని వేడినైనా చేతి వెనుకవైపుతోనే చూస్తుంది. చాయ్ గిన్నె అయినా, పిల్లల నుదురైనా అంతే. ఇబ్రహీంపట్నం కోళ్ల ఫారంలో ముప్పై ఏళ్లు కోడిపిల్లలకు బల్బులు కట్టిన చెయ్యి అది. మనుమరాలు మెహనాజ్, కుక్క కరిచిన ఊసరవెల్లినొకదాన్ని ఇంటికి తెచ్చింది. కాలు మానేదాకా ఉంచుదామని పంజరంలో ఒక కొమ్మ మీద పెట్టి, నడిమధ్యన బల్బు వేలాడదీసింది. పుస్తకంలో రాసినంత వేడే చూపిస్తోంది థర్మామీటర్. ఊసరవెల్లి మాత్రం తెల్లబడి నోరు తెరిచింది.

“నానీ, నవ్వుతుంది చూడు!”

ఇమామ్ బీ పంజరంలో చెయ్యి పెట్టి కొమ్మను తాకి చూసింది. “నవ్వుడు కాదే పిల్లా, ఉడికిపోతుంది. కోడిపిల్లలు గూడ గిట్లనే నోరు తెరుస్తయ్” అంటూ బల్బును ఒక మూలకు జరిపి, ఇంకో మూలన కరివేపాకు రెమ్మలు గుచ్చింది. “వేడి ఒక దిక్కు, నీడ ఒక దిక్కు ఉండాలె. యాడ కూసోవాల్నో గదే చూసుకుంటది.”

కాసేపటికి ఊసరవెల్లి నోరు మూసుకొని, తోక వెలుగులో, తల ఆకుల చాటున పెట్టుకొని కుదురుగా కూర్చుంది. ఇమామ్ బీ కూడా కుర్చీని గడప దగ్గరికి లాక్కొని, కాళ్లు ఎండలోకి చాపి, తల నీడలో పెట్టుకొని కళ్లు మూసుకుంది.