దేశదేశాల బర్గర్లు, మా వదిన కట్లెట్ బన్ను

నా పాస్‌పోర్టు మీద ఇంతవరకు ఒక్క ముద్ర పడలేదు. అయినా ఇస్తాంబుల్‌లో బర్గర్‌ను టమాటా, వెల్లుల్లి రసంలో తడిపి, ఆవిరి పట్టిన గాజు పెట్టెలో పెట్టి అమ్ముతారని నేను చెప్పినంత ధీమాగా ఆ ఊరివాళ్లు కూడా చెప్పలేరు. జపాన్‌లో బన్నుకు బదులు అన్నాన్ని బిళ్లలుగా అదిమి మధ్యలో మాంసం పెట్టేవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో బీట్‌రూట్ ముక్క లేనిదే బర్గర్‌కు లెక్క లేదంటారు. మలేషియాలో మాంసాన్ని గుడ్డు అట్టులో చుడతారు. కరాచీలో పప్పు కలిపిన కబాబును బన్నులో పెట్టి చట్నీ పోస్తారు. ఇదంతా నాకు బేగంపేట ఆఫీసులో, మధ్యాహ్నం భోజనమయ్యాక ఫోన్ చూస్తూ అబ్బిన చదువు. చదువు అబ్బింది గాని, దాన్ని లోపల ఉంచుకునే తెలివి అబ్బలేదు.

ఆఫీసు పక్క సందులో ఒక బర్గర్ హోటల్ ఉండేది. బొగ్గుపొడి కలిపిన నల్ల బన్ను, దాని నడినెత్తిన దిగేసిన కత్తి, పళ్లెం బదులు చెక్క పలక, చేతులకు నల్ల గ్లవ్స్. ఆపరేషన్ చేయడానికి వచ్చినవాళ్లలా అందరం గ్లవ్స్ తొడుక్కుని కూర్చునేవాళ్లం. మనిషి నోరు ఎంతవరకు తెరుచుకుంటుందో ఆ వంటవాడు ఎన్నడూ ఆలోచించినట్టు లేదు. ముందు వైపు కొరికితే వెనక వైపు నుంచి సగం సరుకు ఒళ్లోకి జారేది. మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, "బర్గరంటే ఇదీ" అనేవాణ్ని. ఇంటికి వెళ్లి పప్పన్నం తింటే గాని ఆకలి తీరేది కాదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ని కాదు.

మా వదిన, అంటే పోయిన మా అన్న భార్య, కాప్రాలో ఒక్కతే ఉంటుంది. మా చర్చిలో ఏటా కోతకాల పండుగ నాడు ఆరాధన ముగిశాక ఆవరణలో స్టాళ్లు పెడతారు. సంఘస్థులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, కేకులు, పచ్చళ్లు, స్టాళ్లలో మిగిలినవి అన్నీ చివర్లో వేలం వేస్తారు. ఆ స్టాళ్లలో వదినది కట్లెట్ బన్ను. ఖీమా, ఆలుగడ్డ కలిపి, రస్కుపొడి అద్ది, పెనం మీద కాల్చిన కట్లెట్. మధ్యకు చీల్చిన మెత్తటి బన్ను. పుదీనా చట్నీ, సిర్కాలో, అంటే వెనిగర్‌లో, నానిన ఉల్లిగడ్డ. అంతే.

అన్న పోయాక ఆమె నలుగురిలోకి రావడం తగ్గించింది. ఈ పండుగ దగ్గర పడుతుంటే మాత్రం మళ్లీ మనిషయ్యేది. ఆ ఒక్క రోజు ఆమెను చూసి ఎవరూ జాలిగా తల ఆడించరు. వరుసలో నిలబడి, "సిస్టర్, నాకు రెండు" అంటారు. ఆ తేడా ఆమెకు ఎంత అవసరమో నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు.

పోయినేడు పండుగ కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. మొదటి సమావేశంలోనే, "ఏటా అదే కట్లెట్ అయితే ఎట్ల? ఈసారి దేశదేశాల బర్గర్లు పెడదాం" అన్నాను. ఎవరో పాపం, "సిస్టర్ గారి బన్ను కూడా బర్గరే కదా బ్రదర్" అన్నారు. నలుగురిని నవ్వించే మాట నోటిదాకా వస్తే నేను ఆపుకోలేను.

"అది బర్గర్ కాదు బ్రదర్. బర్గర్ పెళ్లికి పిలవకుండ వచ్చిన చుట్టం."

అందరూ నవ్వారు. అక్కడే కూర్చున్న వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే ఒళ్లోని చేతిసంచి జిప్పు లాగి మూసింది.

తిరిగి వస్తుంటే స్కూటర్ వెనక నుంచి నా భార్య అంది, "మస్తు నవ్విచ్చినవ్. ఇగ పండుగ నాడు నువ్వే కట్లెట్ లెక్క వేగుతవ్."

పండుగ రోజు వదిన వచ్చింది. స్టాల్ పెట్టడానికి కాదు, నాకు సాయం చేయడానికి. నేను ఆమెకు వంటవాళ్లు పెట్టుకునే కాగితం టోపీ ఒకటి ఇచ్చాను. ఆమె దాన్ని తిరగేసి అందులో ఉల్లిపొట్టు వేసుకుంది.

నిజం చెప్పాలంటే అన్ని దేశాలకూ కోడి ఒక్కటే. నేరేడ్‌మెట్‌లో ఒక క్యాటరింగ్ అతనితో చేయించిన ఒకే రకం చికెన్ టిక్కీలు. సాసో, బన్నో మారితే దేశం మారేది. ఎవరికీ అనుమానం రాకుండా పైన పుల్లకు కాగితం జెండా. బర్గర్ చేతికిచ్చే ముందు ఆ దేశం గురించి నాలుగు ముక్కలు చెప్పేవాణ్ని. పొద్దున్నుంచి ప్రసంగం విని, ఆకలితో బయటికొచ్చిన జనానికి రెండో ప్రసంగం మొదలైంది.

పండుగకు మా దగ్గర ఆడా మగా తెల్లబట్టల్లో వస్తారు. బీట్‌రూట్ గురించి అన్ని విషయాలూ తెలిసిన నాకు ఈ ఒక్కటి తట్టలేదు. ఆస్ట్రేలియా మొట్టమొదట మా పాస్టరు అయ్యగారి తెల్లంగీ మీద దిగింది, తర్వాత స్త్రీల సమాజంలో సగం చీరల మీద. టర్కీ తన టమాటా రసంలో మరీ నానిపోయి చెంచా అడిగింది. జపాన్ చేతుల్లోనే విడిపోయి మామూలు అన్నమైంది. ఒక పెద్దాయన దాన్ని కాగితం పళ్లెంలో వేలితో కలుపుతూ, "బాబూ, కొంచెం చారుంటే పోస్తావా?" అని అడిగాడు.

వరుసలో వాళ్లు నన్ను దాటి వంగి వదినను అడుగుతున్నారు, కట్లెట్లు ఏవని. ఆమె ఉల్లిగడ్డ కోస్తూ తల ఎత్తకుండానే చెప్పింది, "ఈసారి బయటి దేశాలొచ్చినయి సిస్టర్. మనది రాలే."

చివరికి వేలం. గుమ్మడికాయ కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి పాడారు. కుంటుతున్న కోడిపుంజుకు కూడా గిరాకీ వచ్చింది. నా ట్రేలు బల్ల మీదికి రాగానే అందరికీ చెప్పులు వెతుక్కోవాల్సిన పని గుర్తొచ్చింది. దేవుడి ముందు పెట్టినదాన్ని ఎవరూ పాడకుండా వదిలేయడం మా చర్చిలో మర్యాద కాదు. వేలం వేసే ఆయన మూడోసారి అనబోతూ నా వైపే చూస్తున్నాడు. చెయ్యెత్తాను. ప్రపంచాన్ని నేనే పాడుకుని, ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున నా భార్య ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, "ఇయ్యాల ఏ దేశం పెట్టాలె?" అంది. మలేషియా అయిపోయేదాకా ఇంట్లో టిఫిన్ వండలేదు.

ఇంతవరకు నవ్వులాటే. కాని తర్వాత వదిన మా చర్చికి రావడం మానేసింది. మోకాళ్లు నొప్పులని కబురు పంపింది. అవే మోకాళ్లతో కాప్రాలో ఇంకో చర్చి మెట్లెక్కుతోందని, అక్కడ చివరి వరుసలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతోందని తెలిసింది. మా అన్నకు, ఆమెకు పెళ్లయింది మా చర్చిలోనే. ఆమెను అక్కడినుంచి వెళ్లగొట్టింది నా మాట. వెంటనే వెళ్లి క్షమాపణ అడగాల్సింది. అడగలేదు. ప్రతి ఆదివారం ప్రార్థనలో నా తప్పును దేవుడి దగ్గర వివరంగా ఒప్పుకునేవాణ్ని. దేవుడి ముందు ఒప్పుకోవడం సులువు. ఆయన ఎదురు ప్రశ్న వేయడు.

ఈ ఏడు పండుగ దగ్గరికొచ్చింది. చర్చి గేటు దగ్గర అయ్యగారి భార్య నన్ను ఆపి, మెత్తగా, "కట్లెట్ సిస్టర్‌ని తీసుకురండి. మీరు పోగొట్టారు, మీరే తేవాలి" అంది.

వెళ్లాను. వదిన తలుపు తీసింది, కూర్చోమంది, చాయ్ పెట్టింది. దారి పొడుగునా కూర్చుకున్న ఉపన్యాసం అంతా మరిచిపోయాను.

"తప్పయింది వదినా."

"ఏ దేశం తప్పు?"

"నాదే."

"ఒక్క మాటకే అయిపోయిందా? నువ్వు చెప్పుడు షురూ చేస్తే లేటయితదని చాయ్ పెద్ద గిలాసల పోసిన."

"అందరి ముందు నిన్ను నవ్వులపాలు చేసిన."

ఆమె గిలాస నా ముందుకు జరిపింది. "నువ్వు నవ్విచ్చినందుకు కాదయ్యా. అందరు నవ్వుతుంటే నేను సుత నవ్విన చూడు. అదే తక్లీఫ్. ఇంటికొచ్చి ఎందుకు నవ్విన్నని నన్ను నేనే తిట్టుకున్న."

పెద్ద గిలాస చాయ్ అంతా తాగి, గిలాస నేనే కడిగి బోర్లించాను.

"ఈసారికి వస్తా" అంది చివరికి. "కని నువ్వు ఉల్లిగడ్డ కొయ్యాలె. స్టాల్ కాడ నోరు తెరవొద్దు. ఎవరేం అడిగినా సరే."

"వందనాలు గూడ చెప్పొద్దా?"

"తలకాయ ఊపు, సాల్తది. గా జెండా పుల్లలు మిగిలినయా?"

"మస్తుగున్నయి."

"పట్టుకరా. బన్నులకు గుచ్చనీకి పనికొస్తయి. జెండాలు పీకి తే."

పండుగ ముందురోజు సాయంత్రం సోఫాలో కూర్చుని జపాన్‌ను, టర్కీని, ఆస్ట్రేలియాను ఒక్కొక్కటిగా పీకాను. జిగురు గట్టిగా పట్టింది, గోళ్లు నొప్పి పుట్టాయి. నా భార్య టీవీ చూస్తూ, "జెర్మనీ మీద ఇంత కాగితం ఉండిపోయింది, మంచిగ పీకు" అంది.

పండుగ నాడు వరుస గేటు దాకా సాగింది. నేను ఉల్లిగడ్డ కోస్తూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ తల ఊపుతున్నాను. వరుసలో నిలబడ్డ ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు పక్కవాళ్లకు బర్గర్ పుట్టుక చెప్పడం మొదలుపెట్టారు. వెనకటికి మన సికింద్రాబాద్ స్టేషన్‌లో దొరసానుల కోసం ఒక బట్లర్ కనిపెట్టాడట. అక్కడినుంచే అమెరికా పోయిందట. నా నాలుక దవడలకు కొట్టుకుంది. అంతటితో ఆగకుండా ఆయన నా వైపు తిరిగి, "మీరు ఇవన్నీ చదివినవారు, అంతే కదా బ్రదర్?" అన్నారు.

వదిన చేతిలోని అట్లకాడ పెనం మీద ఆగింది.

నేను తల ఊపాను. బర్గర్‌కు పేరిచ్చిన హాంబర్గ్ పట్టణం నన్ను క్షమించాలి.

అట్లకాడ మళ్లీ కదిలింది. వేలానికి ఒక్క కట్లెట్ కూడా మిగల్లేదు. జనం పలచబడ్డాక ధైర్యం చేసి, పొద్దున్నుంచి మొదటిసారి నోరు తెరిచాను. "వదినా, వచ్చే ఆదివారం…"

"ఇంకా స్టాల్ ఎత్తలే. నోరు ముయ్యి."

మూసుకున్నాను. గిన్నెలు, గంటెలు, చట్నీ డబ్బా నాచేత ఆటోలో పెట్టించింది. పెనం మాత్రం ఇవ్వలేదు. తానే కడిగి, కొంగుతో తుడిచి, చర్చి వంటగదిలోకి తీసుకెళ్లి గోడకున్న మేకుకు తగిలించి వచ్చింది. అది ఎప్పుడూ ఆమె ఇంటికి తీసుకుపోయే పెనం. ఎందుకని అడగబోయి, తల ఊపాను.